మరియమ్మ కప్పుకున్న జెండా

ఒక తల్లి నన్ను మంచివాడనుకుంటోంది. ఇన్నేళ్లుగా నా మీదున్న బరువు అదే. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేక, ముఖం తెలియని మీకు చెబుతున్నాను.

నేను బడికి పోయినవాణ్ని కాదు. నాచారంలో ఫ్యాక్టరీ పని చేస్తూ, దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న జెండా నియమాల పుస్తకం నాకు కంఠతా వచ్చు. పంద్రాగస్టు మర్నాడు మోరీల్లో పడ్డ కాగితం జెండాలు ఏరుతూ, కనబడ్డవాణ్నల్లా తిట్టేవాణ్ని. ఇప్పటికీ తిడతాను. అందులో నాకు సిగ్గు లేదు.

మరియమ్మది మా గల్లీయే. ఒక్కడే కొడుకు. ఫౌజులో చేరి సరిహద్దులో చనిపోయాడు. శవపేటిక మీద కప్పి తెచ్చిన జెండాను, సమాధి చేసే ముందు మడిచి ఆమె చేతుల్లో పెట్టారట. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. అది కళ్లారా చూసి ఉంటే, తర్వాత ఆమెతో అలా అనేవాణ్నా? ఏమో.

ఆ చలికాలం ఒక పొద్దున పలకరించడానికి పోతే, ఆమె ఆ జెండా కప్పుకుని గడపలో కూర్చుని చాయ్ తాగుతోంది. నాకు ఒళ్లు మండింది.

“ఏంది చెల్లె, జెండాను చద్దరు జేసినవ్?”

“చలి పెడుతుందన్నా. గిది కప్పుకుంటె పిలగాడు పక్కన పండుకున్నట్టుంటది.”

“అంచు కింద తగులుతుంది సూడు. చాయ్ మరక గూడ పడ్డది. గిట్ల ఉంచుకుంటె కేసైతది.”

ఆమె గ్లాసు కింద పెట్టేసింది. “మరేం జెయ్యాలె?”

“మర్యాదగ కాల్చాలె. ఎవ్వరు సూడకుండ.”

“నాకు సదువు లేదన్నా. నువ్వు జెప్పకుంటె నా కొడుకు పరువు తీస్తుంటి.”

ఇంటి వెనక ఆమే అంటించింది. నేను పక్కన నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాను. అప్పటినుంచి అందరికీ చెబుతోంది, అన్న నా కొడుకు పరువు నిలబెట్టిండని.

కొన్నేళ్లకు ఘట్‌కేసర్‌లో ఒక రిటైరైన సిపాయితో మాటల్లో తెలిసింది. అలా ఇచ్చిన జెండా ఇంటివాళ్లదేనట. బతికినంత కాలం దాచుకోవచ్చట. ఇంటికొచ్చి పుస్తకం తీశాను. మాసి, చిరిగి, పనికిరాకుండా పోతేనే కాల్చమని ఉంది. కంఠతా వచ్చిన పుస్తకంలో ‘పనికిరాకుండా’ అన్న మాటను ఎలా దాటేశాను? మా ఫ్యాక్టరీ గేటు మీద వెలిసి పీలికలైన జెండా దసరా దాకా వేలాడేది, సేటును ఒక్కనాడూ అడగలేదు. మరి నాది జెండా మీది గౌరవమా, నా మాటకు భయపడే మనిషి దొరికిందన్న సంబరమా? ఎంత తవ్వినా తేలడం లేదు.

ఆ తర్వాత తెలంగాణ రాష్ట్రం వచ్చిన రోజు ఉప్పల్ చౌరస్తాలో జనం జెండాలు భుజాన వేసుకుని ఆడారు. సన్నటి తుంపర. ఎవరో నా మీదా మూడు రంగుల జెండా కప్పారు. తీసేయలేదు. వెచ్చగా ఉంది. అలాగే గల్లీలోకి వచ్చాను. మరియమ్మ గడప దిగి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. వంగి, బురదకు తగలబోతున్న అంచును ఎత్తి నా చేతిలో పెట్టింది.

“కింద తగలనియ్యొద్దన్నా. నువ్వు జెప్పిందే గద.”

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. ఇప్పుడు కూడా మీకు చెబుతున్నాను, ఆమెకు కాదు. అయినా ఆ బరువు కాస్త తగ్గింది. అది న్యాయమేనా అంటే, తెలియదు.

ఆ జెండా ఆమెది. నేనే కాల్పించాను.