పాతికేళ్ల పాలపన్ను

అమెరికాలో, ఆష్‌బర్న్‌లో డెంటిస్టు నా చిగురుకు రాసిన మత్తు జెల్లీ చెర్రీ వాసన వేసింది. ఆ వాసనకు జగిత్యాలలో మా వాడ మలుపు దగ్గర అమ్మే ఎర్ర పుల్లయిసు గుర్తొచ్చింది, అది తగిలిన ప్రతిసారీ నన్ను గోడకు ఆనుకుని నిలబడేలా చేసిన ఎడమ దవడపన్నూ గుర్తొచ్చింది.

అది పుచ్చడం మూడో తరగతిలో మొదలైంది. సకినాలు కుడివైపు, నువ్వులుండలు కుడివైపు, ఉప్పూకారం అద్దిన పచ్చిమామిడి ముక్కా కుడివైపే నమిలేదాన్ని. ఎండాకాలం మధ్యాహ్నం కచ్చకాయలాట మధ్యలో చెంప పట్టుకుని కూర్చుంటే, వాడలో పిల్లలందరి పళ్లు పీకే ఉద్యోగం తనకు తానే ఇచ్చుకున్న మా మేనత్త, వేలికి దారం చుట్టుకుని వచ్చి, నోరు తెరిపించి, పన్ను కదిపి చూసి, కదలకపోతే నిరాశగా దారం విప్పేసేది. దవాఖానకు తీసుకెళ్దామని అమ్మ అంటే అత్త కొట్టిపారేసేది.

“పాలపన్నుకు దవాఖానెందుకు వదినా? ఇయ్యాల కాకుంటె రేపు ఊడుతది. కింద కొత్తది తయారుంటది.”

ఊడిన ప్రతి పన్నునూ పేడముద్దలో పెట్టి ఇంటి పెంకుల మీదికి విసిరేవాళ్లం. కొన్నాళ్లకు కొత్తది వచ్చేది. ఇది మాత్రం ఊడలేదు. నేను హైస్కూలుకొచ్చాక, అది ఎప్పుడో మారి ఉంటుందని అందరూ అనుకున్నారు, నాతో సహా. నొప్పి తగ్గితే రోగం పోయిందనుకోవడం మా ఇంటి వైద్యం.

ఇక్కడే పుట్టి పెరిగిన ఆ తెలుగు డాక్టరు ఎక్స్‌రే చూపించాడు.

“ఇది బేబీ టూత్ అండి. కింద అడల్ట్ టూత్ లేదు. ఎప్పుడూ లేదు.”

ఇరవై ఏడేళ్లు, కారు లోను, రెండు క్రెడిట్ కార్డులు ఉన్న మనిషి నోట్లో పాలపన్ను.

“రిమూవ్ చేసి ఇంప్లాంట్ పెట్టొచ్చు. లేదా రూట్ కెనాల్ చేసి క్యాప్. కొన్ని ఇయర్స్ ఉంటుంది, ఎన్నో చెప్పలేను.”

ఆలోచించుకోమని ఆయన బయటికి వెళ్లగానే అత్తకు వీడియో కాల్ చేశాను. నవ్వుతుందనుకున్నాను.

“కింద ఏం లేదా?” అంది. తను దారం చుట్టుకునే వేలి వంక చూసుకుంది. “ఎంతమందియి పీకిన్నే నేను. ఒక్కనికన్న కింద ఏమున్నదో చూడలే.”

జోకు వేద్దామని నోరు తెరిచాను. మత్తులో నాలుక తిరగలేదు, అదే మంచిదైంది.

క్యాప్ పెట్టమన్నాను. మా వాడలో ఇప్పుడు పెంకుటిల్లు ఒక్కటీ లేదు, కచ్చకాయలాడే అరుగు మీద సెల్‌ఫోన్ల షాపు వెలిసింది, ఇరవై పాలపళ్లలో పందొమ్మిది ఎక్కడ మట్టిలో కలిశాయో తెలియదు. ఆ రోజుల్లోంచి ఇంత దూరం నాతో వచ్చింది ఇదొక్కటే, అదీ పుచ్చిపోయి.