ఖాళీ హెడ్‌ఫోన్లలో దగ్గు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను బాగా ఏడిపించేవాణ్ని. ఇంజనీరింగ్ హాస్టల్లో ఎవడైనా కరెంటు పోయినప్పుడు గొంతు తగ్గించి మొదలుపెడితే, "ఆ దయ్యానికి ఆధార్ కార్డు ఉందా?" అని అడిగి మూడ్ చెడగొట్టడం నా వంతు. ఇప్పటికీ నమ్మను. కింద రాసింది దయ్యం కథ అని కూడా అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎవరైనా ఒక మామూలు కారణం చూపిస్తే వాళ్లకు దండం పెడతాను.

మేం మయూర్ విహార్‌లో ఒక అపార్ట్‌మెంట్ల సొసైటీలో ఉంటాం. నేను గురుగ్రామ్‌లో ఒక ఆడియో యాప్ కంపెనీలో పనిచేస్తాను. మాట్లాడేవాళ్ల రికార్డింగుల్లో చప్పుళ్లు, దగ్గులు, అనవసరమైన గ్యాపులు తీసేసి శుభ్రం చేయడం నా ఉద్యోగం.

మా పై అంతస్తులో షాహీన్ దీదీ ఉంటారు. ఒక కంటి ఆసుపత్రిలో డాక్టరు. ఆపరేషన్ ముందు పేషెంట్లకు భయం తగ్గించడానికి శబ్దాలు ఏమైనా పనికొస్తాయా అని ఆవిడ ఒక పరిశోధన చేస్తున్నారు. కొందరికి హెడ్‌ఫోన్లలో ఖురాన్ పఠనం, కొందరికి ఏటి నీళ్ల చప్పుడు, కొందరికి ఏమీ ఉండదు. ఆ మూడో గుంపుకి కూడా హెడ్‌ఫోన్లు పెడతారు. చెవులు మూసుకుని ఊరికే పడుకోవడం వల్లే భయం తగ్గుతుందేమో తెలుసుకోవాలి కదా. ఎవరికి ఏది రావాలో కంప్యూటరే తేలుస్తుంది.

ఖురాన్ చదవడంలో పేరున్న ఖారీల గొంతులైతే ముందే విని ఉన్నవాళ్లుంటారని, దీదీ వాళ్ల నాన్నగారి చేత చదివించారు. ఓఖ్లాలో పిల్లలకు ఖురాన్ నేర్పిన మనిషి. ఇంట్లోనే, దుప్పట్లు కట్టిన గదిలో, దీదీ స్వయంగా రికార్డు చేశారు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆయన పోయారు. ఆ రికార్డింగు శుభ్రం చేసే పని నాకు అప్పగించారు.

మొదటిసారి నేను దాన్ని పాడుచేశాను. ఆఫీసు అలవాటు కొద్దీ గ్యాపులన్నీ కత్తిరించి పంపాను. దీదీ విని నవ్వారు, కానీ నొచ్చుకున్నారు. ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి అన్నది కూడా పఠనంలో భాగమేనట. మధ్యలో దగ్గు వచ్చినా దాన్ని కత్తిరించి అతికించడం నాన్నగారు ఒప్పుకునేవారు కాదట. ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందేనట. ఆయన ఆగినచోటల్లా గ్యాపులు మళ్లీ పెట్టి ఇచ్చాను.

రికార్డింగులో ఒకచోట ఆయన దగ్గారు. ఆగకుండా, చాలాసేపు. తర్వాత "పానీ, బిటియా" అన్నారు, నీళ్లు తెమ్మని కూతురితో. అక్కడితో ఆ ఫైలు ఆగిపోయింది. తర్వాతి ఫైలులో అదే భాగం మొదటి నుంచి, ఎక్కడా తడబాటు లేకుండా ఉంది. మేం వాడింది రెండోదే.

"మొదటిది చెరిపేయండి భయ్యా. అబ్బూ ఎవరి ముందూ దగ్గేవారు కాదు. అది మీ చేయి దాటకూడదు" అన్నారు దీదీ. నేను చెరిపేశాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. దీదీ నా మీద పెట్టుకున్న నమ్మకం నాకు చాలా పెద్దదనిపించింది. మా ఆవిడకు కూడా చెప్పలేదు.

ఆ తర్వాతే అమ్మ కర్నూలు నుంచి వచ్చింది. కంట్లో శుక్లం బాగా ముదిరింది. అక్కడ ఆపరేషన్ బల్ల దాకా వెళ్లి, బీపీ పెరిగిపోతే వెనక్కి పంపారు. కర్నూలు పాతబస్తీలో సాయిబుల ఇళ్ల మధ్య పెరిగిన మనిషి కాబట్టి హిందీ మాట్లాడుతుంది, తన పద్ధతిలో. దీదీ ఆసుపత్రిలోనే చేయిద్దామనుకున్నాం. పరిశోధనలో చేరతారా అని అడిగితే, "చెవిలో ఏదైనా పెట్టండమ్మా, కత్తి మాత్రం చూపించాకండి" అంది.

కంప్యూటర్ అమ్మకు నిశ్శబ్దం ఇచ్చింది. ఈ సంగతి మాకు అప్పుడు తెలియదు.

ఆపరేషన్ బాగా జరిగింది. బీపీ పెరగలేదు. మత్తు మాత్ర కూడా వేశారు కాబట్టి దానికి నేను వేరే అర్థం తీయను. మధ్యాహ్నం కంటికి కట్టుతో పడుకుని ఉండగా దీదీ వచ్చి, అందరినీ అడిగినట్టే అమ్మనీ అడిగారు. హెడ్‌ఫోన్లు పెట్టినప్పుడు ఎలా అనిపించింది, ఏం విన్నారు?

"ఎవరో పెద్ద సాయిబు చదువుతాండె. గొంతు ఎంత బాగుండాదో. పాపం, నడుమ దగ్గొచ్చె. పానీ బిటియా, పానీ బిటియా అనె" అంది అమ్మ, సగం తెలుగులో, సగం హిందీలో.

దీదీ నా వైపు చూశారు. నన్ను బయటి కారిడార్‌లోకి పిలిచారు.

"చెరిపేశానన్నారు కదా భయ్యా."

నేను ఏవేవో ఒట్లు వేశాను. అమ్మ వాడిన ప్లేయర్ తెప్పించాం. అందులో ఉన్నది నిశ్శబ్దం ఫైలే. దాన్ని తయారు చేసింది నేనే. మైకుతో తీసింది కాదు, కంప్యూటర్‌లో పుట్టించింది. కనీసం గాలి చప్పుడు కూడా ఉండదు. వాల్యూమ్ పూర్తిగా పెంచి ఇద్దరం ఒకరి తర్వాత ఒకరం విన్నాం. ఏమీ లేదు. పక్క మంచం వాళ్ల హెడ్‌ఫోన్లలోంచి వినిపించిందేమో అన్నాను. కానీ వాళ్లకు పెట్టింది రెండోసారి చదివినది. అందులో దగ్గు లేదు.

"ప్లేయర్లో లేదు, సరే. ఇంట్లో విని ఉంటారు" అన్నారు దీదీ.

"అమ్మ రాకముందే చెరిపేశాను దీదీ."

"అచ్ఛా" అన్నారు. ఆ ఒక్క మాటలో ఆవిడ నన్ను నమ్మలేదని తెలిసిపోయింది. చనిపోయిన తండ్రి దగ్గుని నేను ఇంట్లో అందరికీ వినిపించానని, బహుశా నవ్వుకున్నామని కూడా ఆవిడ అనుకుంటున్నారు. తప్పు చేయకపోయినా తలెత్తలేకపోయాను. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు.

నన్ను నేను కాపాడుకోవాలన్న ఆత్రం తప్ప అప్పుడు నా బుర్రలో ఇంకేమీ లేదు. దీదీని మళ్లీ అమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. "ఇంకేం విన్నావో అంతా చెప్పమ్మా, మొత్తం చెప్పు" అని వెంటపడ్డాను. అమ్మ అలసిపోయి ఉంది. హిందీ మాటలు తట్టక తెలుగులోకి దిగింది. నేను ఒక్కో మాటా దీదీకి హిందీలో చెబుతూ వచ్చాను.

"నీళ్లు తాగినాడు. తాగి, గుండెల్లో నొప్పిగా ఉండాది, ఈ పొద్దుకి చాలు తల్లీ అనె."

ఇది ఫైలులో లేదు. నేను విన్నదాంట్లో "పానీ, బిటియా" తర్వాత ఏమీ లేదు. నా దగ్గర లేనిది అమ్మ ఎక్కడ వింటుంది? నేను తప్పు చేయలేదని తేలిపోతోంది. ఆ సంబరంలో గబగబా అనువాదం చేసేశాను. అనేశాక దీదీ మొహం చూశాను.

అక్కడ ఆపి ఉండాల్సింది. "అమ్మ నిద్రపోవాలి, తర్వాత మాట్లాడదాం" అంటే సరిపోయేది. ఆపలేదు.

"ఆయమ్మేమో, ఇది ఒక్కటే అబ్బూ, ఇంకొక్కసారి మొదటి నుంచి చదివితే అయిపోతాదనె. సరే తల్లీ అని ఆయప్ప మళ్లా కూచున్యాడు. అంత నొప్పి పెట్టుకోని కూడా ఎంత బాగా చదివినాడురా!"

అది కూడా హిందీలో చెప్పాను. ఒక్క మాట కూడా వదలకుండా చెప్పాను. పక్కన నర్సు ఉంది. అవతలి మంచం మీద ఇంకో పేషెంటు, ఆమె కూతురు ఉన్నారు. అందరూ విన్నారు.

దీదీ మంచం పక్కన స్టూలు మీద కూర్చుండిపోయారు. కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. "నీళ్లు తేవడానికి లేచినప్పుడు రికార్డర్ ఆపేశాను" అన్నారు, ఎవరితోనో అన్నట్టు. "గదిలో మేమిద్దరమే ఉన్నాం."

అమ్మకు ఇవేమీ తెలియవు. కట్టు లేని కంటితో ఆవిడ వైపు మసకగా చూస్తూ, "ఆయన మీకు తెలుసామ్మా?" అని తన హిందీలో అడిగింది.

"మా నాన్నగారు" అన్నారు దీదీ.

"అట్లనా! మీ నాయనకి నా దండాలు చెప్పు తల్లీ. ఆయన చదువుతాంటే నాకు బయ్యమే తెల్లేదు."

"జీ, అమ్మా. తప్పకుండా చెప్తాను" అన్నారు దీదీ.

తర్వాత కారిడార్‌లో నన్ను ఆపి, అనుమానించినందుకు క్షమించమన్నారు. ఆవిడ నన్ను క్షమాపణ అడిగారు! "పర్లేదు దీదీ" అన్నాననుకుంటాను. ఏదో పెద్ద మనసున్నవాడిలా.

అమ్మ చూపు బాగుంది. కర్నూలు వెళ్లిపోయింది. అసలు విషయం ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఆ పెద్దాయన ఎలా ఉన్నాడని అడుగుతుంది, బాగున్నారనే చెబుతున్నాను.

నేను వెతకని కారణం లేదు. చిన్నప్పుడు పాతబస్తీలో విన్న చదువే మత్తులో గుర్తొచ్చిందేమో అనుకున్నాను. అలాగైతే దగ్గు ఎక్కడిది? మా ఇంట్లో ఎక్కడో కాపీ మిగిలిందేమో అని కంప్యూటరంతా గాలించాను. మిగిలినా, రికార్డర్ ఆపేశాక అన్న మాటలు ఏ కాపీలోనూ ఉండవు కదా. తెలియదు. నాకు నిజంగా తెలియదు.

దీదీ లిఫ్టులో కనిపిస్తారు. నమస్తే అంటే నమస్తే అంటారు. పరిశోధన నడుస్తోంది. మా పిల్లవాడి చదువు గురించి అడుగుతారు. మునుపటిలాగే ఉండాలని ఇద్దరం ప్రయత్నిస్తున్నాం.

అమ్మ ఎలా విన్నదో అని కూడా నేను ఇప్పుడు అంతగా ఆలోచించడం లేదు. ఆ రోజు దీదీ స్టూలు మీద కూలబడినప్పుడు నా మనసులో మొట్టమొదట కలిగింది జాలి కాదు, భయం కూడా కాదు. హమ్మయ్య, నేను బయటపడ్డాను అనుకున్నాను.