ఊడ్పుల నీళ్లు

కాట్రేనికోన నుంచి అమలాపురం వెళ్లే బస్సులో పక్కన కూర్చున్న ఒక రైతుకు నేను అబద్ధం చెప్పాను. నిజం ఇప్పుడైనా రాయాలి.

ఆయన ఒళ్లో మట్టి పొట్లం ఉంది. పరీక్షకు తీసుకెళ్తున్నారట.

“కాలవ మలుపులో మా చేను ఉప్పెక్కిపోయిందండీ. చుట్టూ రొయ్యల చెరువులు తవ్వేసేరు. వరి చేలల్లో అనుమతెలా ఇచ్చేరని అడిగితే, ఉపగ్రహం పటంలో అక్కడెప్పుడూ చెరువులేనన్నారండీ. మా తాతగారూ రొయ్యలే పెంచేరు కాబోలు!” అని నవ్వారు. “తమరేం చేస్తుంటారండీ?”

“మేస్టార్నండీ,” అన్నాను.

“ఆయ్. అయితే తమరే చెప్పండి. ఊడ్పులప్పుడు ఫొటో తీస్తే చేలో నీళ్లు కాక ఏం కనపడతాయండీ?”

ఉపగ్రహ చిత్రాల్లో చెరువులు, కాలువలు గుర్తించడమే నా ఉద్యోగం. ఆ పటం చేసింది నేనే. వానాకాలంలో, వరి నాట్లు వేసే రోజుల్లో, మబ్బు లేకుండా దొరికిన ఒక్కరోజు చిత్రం తీసుకుని, నీరున్న చోటల్లా చెరువని గుర్తు పెట్టాను. రెండు నెలల తర్వాతి చిత్రం చూసి ఉంటే అదే చేను పచ్చగా కనిపించేది. చూడలేదు.

ఆయన చిటికెడు మట్టి నా అరచేతిలో వేసి, “నాలిక మీద పెట్టుకు చూడండి మేస్టారూ,” అన్నారు. ఉప్పగా ఉంది. అప్పుడూ నిజం చెప్పలేదు.

మరుసటి ఏడాదికి గాని ఆ పటం దిద్దడానికి కూర్చోలేదు. ఈసారి గడిచిన పన్నెండు నెలల చిత్రాలూ వరుసగా చూశాను. కాలవ మలుపులో ఏ నెలలోనూ పచ్చదనం లేదు. అన్ని నెలల్లోనూ నీళ్లే. నా పటంలో దిద్దడానికి తప్పేమీ మిగల్లేదు.