కోసుచెవులవాళ్ళ ఊరు

మా కోడలు కట్టిన నగరంలో వంటిళ్ళు లేవు. ఆ సంగతి మొదట కనిపెట్టింది నేనే.

మా కోడలిది ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. హైదరాబాదులో ఒక కంపెనీ ఫోనులో ఆడుకునే ఆటలు తయారుచేస్తుంది. ఆ ఆటల్లో కథ ఉంటుంది, కథ తెలుగులో వినిపిస్తుంది, దాన్ని రాసేవాళ్ళలో మా కోడలు ఒకతె. పెళ్ళై మా ఫరంపేట ఇంటికి వచ్చి అప్పటికింకా ఏడాది నిండలేదు. అంతకుముందు ఎవరో రాసినవాటిలో తప్పులు దిద్దే పనే ఇచ్చేవారట. మొట్టమొదటిసారి ఒక ఊరికి ఊరే ఆమె చేతిలో పెట్టారు. ఎల్ఫ్‌లనే ఒక జాతివాళ్ళ రాజధాని, సిరిసంపదలతో తులతూగే నగరం. ఆట ఆడేవాడు దాని కోటగుమ్మం దాటగానే వినిపించే వర్ణన రాయాలి. రెండుసార్లు రాసి పంపింది. రెండుసార్లూ తిరిగొచ్చింది. మూడోసారి కూడా నచ్చకపోతే ఊరిని వేరేవాళ్ళకి అప్పగిస్తామన్నారు. ఇక ఆమె మళ్ళీ తప్పులు దిద్దుకుంటూ కూర్చోవాలి.

దేవుడి దయవల్ల మా కోడలికి దిగులు వస్తే తలుపేసుకునే అలవాటు లేదు. ల్యాప్‌టాప్ పట్టుకుని తిన్నగా వంటింట్లోకి వచ్చి, పప్పుడబ్బా పక్కకి జరిపి, గట్టుమీద పెట్టింది.

"అత్తయ్యగారు, మీరు బోలెడు చదివారు కదండి. ఒక ఊరిని ఎలా వర్ణించాలో చెప్పండి."

నేను బోలెడు చదివిన మాట పూర్తిగా నిజం కాదు. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. దుమ్ము పడదని బడి మాన్పించి, మా నాన్న ఇంటి అరుగుమీదే చదువు చెప్పారు. ఆయనకు తెలిసిన చదువంతా పాత కావ్యాలే. ఆ కావ్యాల్లో ఏ కథైనా ఊరితోనే మొదలవుతుంది. అగడ్త పాతాళందాకా దిగుతుంది, మేడలు చంద్రుణ్ణి గీరతాయి, ఏనుగుల మదజలంతో వీధులన్నీ తడిసి ముద్దవుతాయి. ఊరంతా జారుడుగా ఉండదా నాన్నా అని అడిగితే, ఆయన పుస్తకం మూసి అరుగు అదిరేలా నవ్వేవారు. అలాంటి గురువును ఇంట్లోనే ఇచ్చినందుకు ఈరోజుకీ దీపం పెట్టేటప్పుడు దేవుడికి ఓ మాట చెప్పుకుంటాను.

సరే, ఆ పద్ధతంతా కోడలికి అప్పజెప్పాను.

"అదే రాశానండి! అదే తిరిగొచ్చింది," అంది. ల్యాప్‌టాప్‌లో వాళ్ళ పై అధికారి ఒకావిడ రాసిన మాట చూపించింది. 'చాలా అందంగా ఉంది. కానీ ఇందులో ఎవరూ కాపురం ఉంటున్నట్టు లేదు.'

"అసలు వీళ్ళెవరమ్మా? గంధర్వులా?"

"కాదండి."

"పోనీ కిన్నరులా?"

"కాదత్తయ్యగారు, ఎల్ఫ్‌లండి. పొడుగ్గా, నాజూగ్గా ఉంటారు. అడవిని ప్రేమిస్తారు. చెవులు ఇలా కోసుగా ఉంటాయి," అని రెండు చేతులతో తన చెవులు పైకి లాగి చూపించింది. నాకు నవ్వాగలేదు. ఆ క్షణం నుంచి మా ఇంట్లో వాళ్ళు కోసుచెవులవాళ్ళయ్యారు.

చదవమన్నాను. పాలరాతి గోపురాలు, వెండి ఆకుల చెట్లు, వీధుల మధ్యనుంచి దూకే జలపాతాలు, నూనె లేకుండా వెలిగే దీపాలు. చదువుతుంటే నిజంగా బాగుంది. కానీ ఇల్లు నడిపిన మనిషికి కొన్ని అనుమానాలు వస్తాయి కదా.

"ఇంటిపక్కనే జలపాతమైతే గోడలకి చెమ్మ పట్టదా?"

"మాయ గోడలండి. పట్టదు."

"పొద్దున్నే ఏం తింటారు?"

"అదీ... పళ్ళు తింటారు."

"రోజూనా? చుట్టం వస్తే కూడా పండేనా చేతిలో పెట్టేది? వంటిల్లు ఎటుపక్క?"

మా కోడలు తెరమీద పైకీ కిందకీ వెతికింది. సింహాసనమున్న గది ఉంది, ఆయుధాలు దాచే గది ఉంది, నక్షత్రాలు చూసే గది ఉంది. వంటిల్లు లేదు.

"ఆరేసిన బట్టలు కూడా లేవండి," అంది నీరసంగా.

మధ్యాహ్నం మా అబ్బాయి భోజనానికి వచ్చాడు. వాడు అడవిపొలం వైపు రొయ్యల చెరువులు చూసుకుంటాడు. కంచం ముందు కూర్చుని సంగతంతా విన్నాడు.

"ఇంతకీ ఈ ఊరు ఎక్కడుంది?"

"చుట్టూ మనుషుల రాజ్యమండి. మధ్యలో వీళ్ళ ఊరొక్కటే వేరు. పన్నులు వేరు, సెలవులు వేరు, చట్టాలు వేరు."

"ఓసి నీ... అది మన యానాం కదే!" అన్నాడు వాడు, ముద్ద నోట్లో పెట్టుకోవడం మానేసి. "రాసుకో. సాయంత్రమయ్యేసరికి చుట్టుపక్కల మనుషులంతా గుర్రాలేసుకుని ఎల్ఫ్‌ల ఊరికి బయల్దేరతారు. గుర్రాలకి దాణా అక్కడ చవక. సీసాలు ఇంకా చవక."

"ఛ, ఊరుకోరా. మంచి జాతి అంటోంది," అన్నాను.

"మంచి జాతికే సరుకు బాగుంటాదమ్మా."

కోడలు తిట్టలేదు. టకటకా ఏదో కొట్టుకుంది. ఆ మధ్యాహ్నమే ఊరు లేచింది. గుర్రాలమీద వచ్చే మనుషుల కోసం కోటగుమ్మం దగ్గర దాణా కొట్లు వెలిశాయి. మంగళవారంనాడు సంత పెట్టారు. పెద్ద గోపురం నీడలో ఒక కోసుచెవుల ముసలావిడ అప్పడాలు ఆరబెట్టుకుంది. సిరిగల ఊరంటే ఏమిటండి అని కోడలు అడిగితే, వీధిలో ఆరబెట్టినదానికి కాపలా కూర్చోనక్కర్లేని ఊరన్నాను. అది నచ్చి, ముసలావిడను కాపలా మాన్పించి నిద్రపుచ్చింది. జలపాతాన్ని ఊరి చివరికి జరిపి, దాని కింద చాకిరేవు పెట్టింది. నూనె లేని దీపాలు మాత్రం నా పోరు పడలేక రద్దుచేసింది. నూనె పోయనిదే దీపం పెట్టిన తృప్తేముంటుంది చెప్పండి.

మహాలయ అమావాస్య నాలుగు రోజుల్లోకి వచ్చింది. నా బుర్రంతా పెద్దలకు పెట్టుకోవడం మీదే ఉంది. మా అత్తగారు, మామగారు, అమ్మా నాన్నా, అందరికన్నా వెనకొచ్చి చేరిన మా వారు. అందరికీ ఆకులు వేయాలి, ఎవరికి ఇష్టమైనవి వాళ్ళకి వండాలి.

"పండగలేం చేసుకుంటారండి వీళ్ళు?" అని కోడలు అడిగింది.

"ఏ పండగ మానినా మానతారు గానీ, పెద్దలకి పెట్టుకోవడం మానతారా? వీధి గుమ్మాలన్నీ కడిగి, వరసగా ఆకులేసి, పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి పెడతారు. ఆరోజు ఊరంతా నేతి వాసనే," అన్నాను.

"అబ్బ, ఎంత బాగుందండి!" అని ఆ పిల్ల అదే ఊపులో రాసి పడేసింది. రాసింది నాకు చదివి వినిపిస్తే నాకు కళ్ళు చెమర్చాయి. శుక్రవారం సాయంత్రం దేవుడి గూటి ముందు ల్యాప్‌టాప్ పెట్టి, బొట్టుపెట్టి, పంపే మీట నన్నే నొక్కమంది. లేని ఊరి కోసం దండం పెట్టుకోవచ్చో లేదో నాకు తెలియదు. పెట్టుకున్నాను.

శనివారం పొద్దున్న పెరట్లో ఇద్దరం చిక్కుళ్ళు ఒలుస్తున్నాం.

"ఇంతకీ ఈ కోసుచెవులవాళ్ళు ఎన్నేళ్ళు బతుకుతారమ్మా?" అన్నాను, ఊరికే మాటవరసకి.

"వాళ్ళకి చావు లేదండి," అంది. తరవాత చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

"మరి... ఆకులు?" అన్నాను.

"అత్తయ్యా!" అని ఒక్క కేక పెట్టి ఇంట్లోకి పరిగెత్తింది. 'గారు' లేకుండా నన్ను పిలవడం అదే మొదలు.

చావులేని జాతిచేత తద్దినాలు పెట్టించిన ఘనత ఈ భూమ్మీద మా అత్తాకోడళ్ళదే అయ్యుంటుంది. ఆ భాగం తీసేయమని రాద్దామని కోడలు చూసేసరికి, ఆ పై అధికారి దగ్గర్నుంచి జవాబు వచ్చేసింది. 'చదివాను. ఆకుల భాగం గురించే మాట్లాడాలి. సోమవారం మధ్యాహ్నం కాల్.'

మా అబ్బాయి ఓదార్చే పద్ధతి వాడిది. "చావు లేదంటే అత్తగార్లకీ చావు లేదన్నమాట. అత్తగారు, ఆవిడకో అత్తగారు, ఆ అత్తగారికో అత్తగారు... అందరూ ఒకే ఇంట్లో. కాఫీ బాగోలేదని చెప్పడానికి వెయ్యేళ్ళ నుంచి లైన్లో నుంచుంటారు. అందుకేనే వంటిళ్ళు పెట్టుకోలేదు వాళ్ళు!"

"మీరు నోరు ముయ్యండి బాబూ, నా ఊరు పోయేలా ఉంది ఇక్కడ," అంది కోడలు. కానీ నవ్వింది. నేనూ నవ్వాను. మా అత్తగారు చల్లని తల్లే, ఆవిడ రుణం నేను తీర్చుకోలేను. అయినా వెయ్యేళ్ళంటే కాస్త ఆలోచించుకోవాల్సిన విషయమే.

నవ్వుకున్నాంగానీ ఆ రెండు రోజులూ ఆ పిల్ల సరిగ్గా తినలేదు. ఆదివారం గుళ్ళో నేను ప్రదక్షిణ చేస్తుంటే నా వెనకే నడుస్తూ, "ఊరు పోతే పోయిందిగానీ అత్తయ్యా, ఆ అప్పడాల ముసలావిడని వేరేవాళ్ళు తీసేస్తారేమోనండి," అంది. అప్పటికి నాకూ ఆ ఊరిమీద మమకారం పుట్టింది. ముసలావిడని కాపాడమని స్వామికి విన్నవించుకున్నాను.

సోమవారం అమావాస్య. హాల్లో పటాల ముందు ఆకులు వేశాను. గారెలు, బూరెలు, అరటికాయ కూర, పరమాన్నం. మా అబ్బాయి స్నానం చేసి పెట్టవలసినవి పెట్టి, కాకికి ముద్ద పట్టుకుని మేడమీదికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే కాల్ వచ్చింది. కోడలు భోజనాల బల్లమీద ల్యాప్‌టాప్ తెరిచి, జడ సర్దుకుని కూర్చుంది.

"ఊరు చాలా బాగా మారింది," అంది తెరమీద ఆవిడ. "సంత బాగుంది. ఆ ముసలావిడ మా అందరికీ నచ్చింది. కానీ ఒక్క డౌట్. ఎల్ఫ్‌లకి చావు లేదు కదా. మరి ఈ ఆకులు ఎవరికి?"

పైనుంచి "కావ్! కావ్!" అని మా వాడి గొంతు.

"అదేంటా సౌండ్?"

"మా ఆయనండి. కాకిని పిలుస్తున్నారు. ఒక్క నిమిషం మేడమ్," అని కోడలు మైకు ఆపేసింది. దిక్కుతోచక హాలంతా చూసింది. అప్పుడే నేను వరసకి చివర, ఏ పటమూ లేనిచోట, ఇంకో ఆకు వేసి వడ్డిస్తున్నాను.

"అత్తయ్యా, ఆ ఆకు ఎవరికండి?" అంది గుసగుసగా. ఈ ఇంట్లో ఆమెకు అదే మొదటి అమావాస్య.

"బయటివాళ్ళకమ్మా. మనవాళ్ళు కాని మనవాళ్ళకి. మీ ఆయన పుట్టే రోజున గోదావరి పొంగి రోడ్డు మునిగిపోతే, నన్ను నావలో వేసుకుని ఆసుపత్రికి చేర్చిన మనిషి ఉన్నాడు. ఈ ఇంటి గోడలు లేపిన మేస్త్రి ఉన్నాడు. అలాంటివాళ్ళకి మనం పెట్టకపోతే ఎలాగ?"

ఆ పిల్ల గబుక్కున ల్యాప్‌టాప్ వైపు తిరిగింది. మళ్ళీ మైకు పెట్టింది.

"మేడమ్, ఆ ఆకులు ఎల్ఫ్‌లకి కాదండి. మనుషులకి. వాళ్ళ గోపురాలు కట్టిన మేస్త్రులు, వాళ్ళని ఏరు దాటించిన పడవవాళ్ళు, వాళ్ళ పిల్లల్ని ఎత్తుకుని పెంచినవాళ్ళు. వీళ్ళు ఎప్పటికీ బతికే ఉంటారు కదండి. మనుషులేమో మధ్యలో వచ్చి వెళ్ళిపోతుంటారు. అందుకని ఏడాదికొకసారి ఊరంతా బయటికొచ్చి, మేలు చేసినవాళ్ళందరినీ తలుచుకుని వడ్డిస్తారు."

అవతల ఆవిడ కలం తీసుకుని ఏదో రాసుకుంది.

"ఎన్ని ఆకులవుతాయి?" అంది ఆవిడ.

"రాజవీధి మొత్తం అండి. ఈ చివర నుంచి ఆ చివరికి. సరిపోక సందుల్లోకి కూడా తిరుగుతాయి."

"ఆటగాడు కూడా మనిషే కదా?"

"ఆయ్. అందుకే గుమ్మం దగ్గర కాపలావాడు కత్తి తీసి ఆపడండి. నీకేం కూర ఇష్టం అని అడుగుతాడు."

"ఇప్పుడు పెట్టడానికా, పోయాక పెట్టడానికా?"

"రెండిటికీ అండి," అంది మా కోడలు.

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఊరు మీ దగ్గరే ఉంచుకోండి, చుట్టూ ఉన్న మనుషుల రాజ్యం కూడా మీరే రాయండి, అంది. పైన మా అబ్బాయికి ఆ సంగతేం తెలియదు. కాకి దొరికినట్టుంది, అరుపులు ఆగాయి.

కోడలు ల్యాప్‌టాప్ మూసి, కాళ్ళు కడుక్కుని వచ్చి, చివరాకు ముందు నిలబడి దండం పెట్టుకుంది. తర్వాత ముగ్గురం భోజనాలకు కూర్చున్నాం. ఆ పిల్ల రెండు రోజుల ఆకలీ ఒక్కపూటలో తీర్చుకుంది. నాలుగో బూరె నేతిలో ముంచుతూ ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"అత్తయ్యా, మీకేం కూర ఇష్టమండి?"

మా అబ్బాయికి పొలమారింది. నాకు మాత్రం ఆ ప్రశ్న చాలా నచ్చింది. ఈ ఇంట్లో అందరి ఇష్టాలూ కనుక్కుని వండిందాన్ని నేను. నన్ను అడిగినవాళ్ళు తక్కువ.

"పనసపొట్టు. ఆవ పెట్టి," అన్నాను. "కానీ నువ్వు ఉప్పు తక్కువేస్తావు. ఇప్పట్నుంచే చెయ్యి అలవాటు చేసుకో."