మామకు చెప్పిన ముక్కు మందు

ముక్కులో పెరిగిన కండను ఆపరేషన్ చేసి తీసేశాక దాని మొహం ఎవరూ చూడరు. నేను చూశాను. తొంభైల్లో హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో నా ఉద్యోగమే అది. ఆ కండలోంచి కణాలు విడదీసి, చిన్న గిన్నెలో సన్నటి జల్లెడ లాంటి పొర మీద పరిచేవాణ్ణి. కింద ఎర్రటి పోషక ద్రవం, పైన గాలి. మూడు వారాలు సాకితే అవి ఒకదాన్నొకటి పట్టుకుని ముక్కు లోపలి పొరలా తయారయ్యేవి. దానిమీద ఇన్సులిన్ చుక్కలు వేసి, కిందికి ఎంత దిగుతుందో చూడాలి. బాగా దిగితే చక్కెర జబ్బుకు సూది అక్కర్లేదు, మందు ముక్కుతో పీలిస్తే చాలు. మా అమ్మ లెక్కలో మాత్రం నేను చదివి చదివి చీమిడి దగ్గర తేలాను.

నారాయణఖేడ్‌లో బస్ డిపో ఎదురుగా మా మేనమామ దర్జీ. ఆయనకు చక్కెర జబ్బు. గోలీలతో లాభం లేదు, ఇక సూదేనని డాక్టరు చెప్పాడు. పొద్దంతా సూదితో బతికే మనిషి ఆ మాటకు మంచమెక్కాడు.

ఒక శనివారం నా పొరలోంచి ఇన్సులిన్ ధారాళంగా దిగింది. ఆ సంబరంలో పొర బాగుందో లేదో చూడకుండానే ఊరి బస్సెక్కాను.

"ఏమైందిరా అల్లుడా, గా ముక్కుల కథ?" ముక్కుపొడి పీలుస్తూ అడిగాడు మామ.

"అయిపోయింది మామా. ఇగ నీ దవా గూడ గీ డబ్బీలనే వస్తది. పొద్దుగాల ఒక పట్టు, మాపటికి ఒక పట్టు."

"మరి సూది?"

"గుండీలు కుట్టుకో."

మామా అల్లుళ్ల మాటలకు హద్దెక్కడిది? ఇద్దరం పడీ పడీ నవ్వాం.

సోమవారం మీటరు పెట్టి చూస్తే పొరలోంచి కరెంటు అడ్డూ ఆపూ లేకుండా పోతోంది. అంటే నిండా చిల్లులే. ఇన్సులిన్‌ను దాటించడానికి కలిపిన సబ్బు లాంటి మందు కణాలనే చంపింది. చిల్లుల గోనెలోంచి జొన్నలు కారితే అది గోనె గొప్పతనం కాదు. మామకు ఒక కార్డు ముక్క రాస్తే సరిపోయేది. రాయలేదు. జోకును వెనక్కి తీసుకుంటూ ఉత్తరం ఎవడు రాస్తాడు అనుకున్నాను.

నాలుగు నెలలకు మళ్లీ వెళ్లాను. ఎప్పుడూ మామ కాలితో తొక్కే మిషను చక్రాన్ని అత్త చేత్తో తిప్పుతోంది. మామ ఎడమ కాలికి కట్టు.

"రెండు వేళ్లు తీసేశిన్రు," అంది అత్త, నా వైపు చూడకుండా. "పుండు మానలే. సూదేసుకోమంటే ఇనడాయె. అల్లుని దవా వచ్చేదాంక అలవాటు చేసుకుంటనని, గోలీలు నూరి ముక్కుపొడిల కలిపి పీల్చిండు. సూది బందు వెట్టించినవ్, శాబాష్."

డబ్బీ మూత తీశాను. గోధుమరంగు పొడిలో తెల్లటి నలకలు.

"తుమ్ములైతే మస్తుగొచ్చినయ్," అన్నాడు మామ. "అసలుది ఎన్నడొస్తదిరా?"

"రాదు మామా. గా పొరకు అన్నీ చిల్లులే."

"ఎన్నడు తెల్సింది?"

"నీకు చెప్పిపోయినంక వచ్చిన సోమారమే."

మామ చేతిలోని దారాన్ని పంటితో తెంపాడు.

"చిల్లువడ్డ సంగతి దర్జీ దగ్గరనే దాస్తవారా?"

ఆ సాయంత్రం ఆటోలో దవాఖానకు నేనే తీసుకెళ్లాను. సూది గుచ్చుతున్నంతసేపు మామ దాని వైపు చూడలేదు. నా మొహమే చూశాడు.