అనసూయ బాయి కూర్చున్న అరుగు

తడి గోనెసంచిలో చుట్టిపెట్టిన తునికాకు వాసన ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. వాన వెలిసిన అడవిలా కొంచెం పచ్చిగా, కొంచెం పులిసినట్టుగా ఉంటుంది, దాని వెనకాలే ముక్కును గిల్లే తంబాకు ఘాటు వస్తుంది. మొన్న ఆదివారం అమ్మనూ అక్కనూ సినిమాకు తీసుకుపోదామని షోలాపూర్‌లో నేనుండే హోట్గి రోడ్డు నుంచి కుంఠా నాకా దగ్గరి మా పాత ఇంటికి వెళ్లి తలుపు తోయగానే ఆ వాసన ఎదురొచ్చింది. అమ్మ బీడీలు చుట్టడం మానేసి చాలా కాలమైంది. వేళ్లు వంగవు, చూపు ఆనదు. ఇప్పుడు చుట్టేది మా అక్క భాగ్య. పక్క సందులోనే ఉంటుంది కాబట్టి పొద్దున పని తెమిలాక చాట పట్టుకుని అమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. కొనవేళ్లతో ఆకు మడిచి, దారం చుట్టి, చివర నొక్కి పక్కన పడేస్తూనే, తాను కొత్త చీర కట్టుకోవాలా వద్దా అని నన్ను అడిగింది.

అది ఒక బడిపంతులు సినిమా. నేను పనిచేసే మరాఠీ బడిలో టీచర్లందరూ అప్పటికే చూసి వచ్చారు. లెక్కల టీచరు రెండు రుమాళ్లు తడిపానని చెప్పింది. డ్రాయింగ్ సారు మాత్రం అలాంటి పంతులుకు మొదటి నెలలోనే బదిలీ ఆర్డరు చేతికొస్తుందని నవ్వాడు. మా అబ్బాయికి పాటలు ఎక్కువైనట్టు అనిపించింది. నాకు మటుకు అమ్మతో అక్కతో కలిసి చూడాలనిపించింది. మా ఇంట్లో పంతుళ్ల ప్రస్తావన వస్తే అందరం ఒకే మనిషిని తలచుకుంటాం కాబట్టి.

సినిమాలో ఇంటర్వెల్‌కు కాస్త ముందు ఒక ఘట్టం ఉంది. బడి మాన్పించిన ఆడపిల్ల కోసం పంతులు వాళ్లింటికి వెళతాడు. పిల్ల తల్లి జుట్టు విరబోసుకుని అరుస్తూ బయటికొచ్చి, పిల్ల పలకను పొయ్యిలో వేస్తుంది. పంతులు వీధి మధ్యలో నిలబడి చాలాసేపు మాట్లాడతాడు, జనం పోగవుతారు, చివరికి ఆ తల్లి ఏడుస్తూ వచ్చి ఆయన కాళ్ల మీద పడుతుంది. హాలంతా చప్పట్లు కొట్టింది. అక్క కూడా కొట్టింది. అమ్మ కొట్టలేదు. కొంగు తలమీదికి లాక్కుని, కొస నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఏసీ చలి పడలేదేమో అనుకున్నాను. ఇంటర్వెల్‌లో సమోసా తెచ్చిస్తే వద్దన్నది.

మేం పుట్టేనాటికే మా వాడలో చేతిమగ్గాలు తగ్గిపోయి, మేము సాంచెలని పిలిచే మరమగ్గాలు ఇంటింటా ఆడుతుండేవి. ఆ చప్పుడులో పుట్టి పెరిగిన వాళ్లం కనుక మా ఇళ్లలో ఎవరూ మెల్లగా మాట్లాడేవారు కాదు. కూరలో ఉప్పు చాలిందా అని అడిగినా కొట్లాటకు దిగినట్టే ఉండేది. ఎండాకాలం రేకుల షెడ్లు పెనంలా కాగి, నూలు పొట్టు గాలిలో తేలి, తాగే నీళ్ల మీద తెల్లగా పరుచుకునేది. వానాకాలం వస్తే ఆకు బూజు పడుతుందని బీడీలు చేసే ఆడవాళ్లు చాటలను పొయ్యి దగ్గరికి జరుపుకునేవారు, ఇల్లంతా ఒక వేడి పచ్చివాసన. రాఖీ పున్నమికి మార్కండేయుడి రథం కదిలిన రోజు సాంచెలు ఆగిపోయి వాడంతా ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమయ్యేదంటే, మా చెవుల్లోనే ఏదో మోగుతున్నట్టుండేది. మేం బాపు అని పిలిచే నాన్న కొత్త జంధ్యం వేసుకుని, తెల్ల టోపీ పెట్టుకుని, నన్ను భుజాల మీద ఎక్కించుకుని కొంతం చౌక్ దాకా నడిచేవాడు. బతుకమ్మకు ఇక్కడ తంగేడు దొరకదని అమ్మవాళ్లు బంతిపూలే ఎక్కువ పేర్చి, సద్దుల నాడు నువ్వులపొడి, పల్లీలపొడి, పెరుగన్నం విస్తరాకుల్లో పంచేవారు. మామూలు రోజుల్లో అప్పడాల్లా విరిగే కడక్ జొన్నరొట్టె, శేంగా అనే పల్లీల చట్నీ, నంజుకోను ఉల్లిగడ్డ. కచ్చకాయలాడి, లగోరి అనే ఏడుపెంకులాట ఆడి, మోకాళ్లు దోక్కుపోయి ఇంటికొస్తే అమ్మ గాయం వైపు ఓసారి చూసి, చుట్టే చెయ్యి ఆపకుండానే, కడుక్కొమ్మని గడపవైపు తల ఊపేది.

మా తెలుగు బడి సాంచెల షెడ్ల పక్కనే ఉండేది. షోలాపూర్‌లో పంతులమ్మను బాయి అంటారు. మా బాయి పేరు అనసూయ. పొట్టిగా ఉండేది, ముదురు రంగు నేత చీరలే కట్టేది, నవ్వడం తక్కువ. పక్క షెడ్డు చప్పుడును మించి పాఠం చెప్పీ చెప్పీ ఆమె గొంతు ఎప్పుడూ బొంగురుగానే ఉండేది. కరెంటు పోయి సాంచెలు ఆగినప్పుడు మాత్రం ఎక్కాలు పక్కన పెట్టించి, బల్లలోంచి ఒక వారపత్రిక తీసి కథ చదివేది. అప్పుడు ఆ బొంగురు గొంతే ఎంత మెత్తగా అయ్యేదో. కరెంటు రాకూడదని మేం వేళ్లు ముడివేసుకుని కూర్చునేవాళ్లం. సాంచెలు ఆగితే మా బాపులకే నష్టమని మాకు అప్పుడు తోచలేదు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక బాపుకు దగ్గు పట్టుకుంది. ఏళ్ల తరబడి పీల్చిన నూలు పొట్టు ఛాతీలో పేరుకుందని డాక్టరు అన్నాడట. మంచం దిగకూడదన్నాడు. ఇల్లు అమ్మ చేతుల మీద పడింది. అక్క అప్పుడు ఆరో తరగతి, నేను మూడు. ఒక సోమవారం పొద్దున నేను సంచి తగిలించుకుని నిలబడితే, అక్క చాట ఒళ్లో పెట్టుకుని అమ్మ పక్కన కూర్చుని ఉంది. నేను ఒక్కదాన్నే బడికి పోయాను.

ఆ సాయంత్రమే బాయి మా ఇంటికి వచ్చింది. అరుగు మీద నిలబడి, లోపల బాపు దగ్గు వింటూ, అక్క ఎందుకు రాలేదని అడిగి, పిల్ల చదువు ఆపొద్దని చెప్పింది. అమ్మ లేవలేదు. తల వంచుకునే జవాబిచ్చింది.

“మీరు చెప్పేది ఖరే బాయీ. లేకిన్ దీన్ని పంపిస్తె నేనొక్కదాన్నే ఎన్నని చుడుత? ఇప్పుడైతె పంప.”

బాయి ఉపన్యాసం ఇవ్వలేదు. అక్క వైపు చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. బాయి గెలవలేదని నాకు ఏడుపొచ్చింది.

రెండు మూడు రోజుల తర్వాత సాయంత్రం బడి వదలగానే ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి అరుగు మీద చాప పరిచి ఉంది. బాయి దాని మీద కూర్చుని, సంచిలోంచి వారపత్రిక తీసింది. బీడీలు చుట్టుకుంటూ ఎదురింటి రాజవ్వ, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్లు గుమ్మాల్లోంచి చూస్తున్నారు. బాయి వాళ్లను కూడా చేత్తో పిలిచింది.

“మీ చేతులు ఖాళీ లెవ్వు, ఠీక్ ఉన్నది. చెవులు ఖాళీగనే ఉన్నయి గద,” అన్నది.

అలా మొదలైంది. తలా ఒక చాటతో ఆడవాళ్లు మా అరుగు చుట్టూ చేరేవారు. సాంచెల చప్పుడు మీదుగా బాయి గొంతెత్తి సీరియల్ చదివేది. కొన్నాళ్లకు పత్రిక అక్క చేతికిచ్చి, నువ్వు చదువు, నా గొంతు పోయింది అన్నది. అక్క చదువుతుంటే బీడీలు చుట్టేదెవరు? అమ్మ తాను చుట్టినవాటిలోంచి ఒక గుప్పెడు తీసి అక్క చాటలో వేసింది. అది చూసి రాజవ్వ ఒక గుప్పెడు వేసింది. తర్వాత మిగతావాళ్లూ. ఆ రోజు నుంచి చదివినంతసేపూ అక్క చాట అలా నిండుతూనే ఉండేది. అక్క తడబడితే బాయి సరిదిద్దేది, కష్టమైన మాట వస్తే ఆపించి, దాని అర్థం ఆడవాళ్లనే అడిగేది. వాళ్లు సీరియల్లోని కోడలు పక్షం కొందరు, అత్త పక్షం కొందరు చీలిపోయి వాదించుకునేవారు. వాదన ముదిరితే రాజవ్వ ఆ భాగం మళ్లీ చదివించేది. లోపల మంచం మీద బాపు దగ్గు ఆపుకుని వినేవాడు. సీరియల్ అయిపోయాక బాయి మట్టి మీద పుల్లతో లెక్కలు కూడా చెప్పింది గాని, ఆడవాళ్లు ఆవలించడం చూసి వారం తిరక్కుండానే మానేసింది.

మరుసటి ఏడు బాపు కోలుకున్నాడు. సాంచెల పని మానేసి, చాదర్లు మడతపెట్టే పనికి కుదిరాడు. బడి తెరిచే ముందు బాయి వచ్చి అక్కను మళ్లీ అడిగింది. ఈసారి అమ్మ అడ్డు చెప్పలేదు. అక్కే తల అడ్డంగా ఊపింది.

“చిన్నపోరల్ల నడుమ కూసోవాలంటె నాకు సిగ్గు బాయీ. ఈడనే చదువుత,” అన్నది.

బాయి ముఖం చిన్నబోయింది. కాని బతిమాలలేదు, తిట్టలేదు. ఆ సాయంత్రమూ యథాప్రకారం చాప మీద కూర్చుని పత్రిక అక్క చేతికిచ్చింది. అక్క పెళ్లయ్యేదాకా అలా సాగింది. నేను బడి దాటి కాలేజీకి పోయాను, టీచరునయ్యాను. అక్క దగ్గర ఏ సర్టిఫికెట్టూ లేదు. కాని ఈనాటికీ పొద్దున్నే తెలుగు పేపరు మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదవందే చాట ముట్టదు.

సినిమా అయ్యాక బయట హోటల్లో టీ తాగుతున్నాం. అక్క సినిమా బగ్గ మంచిగుందని, పంతులు వేషం వేసినతను అచ్చం బాయిలాగే కళ్లు చికిలించాడని చెబుతోంది. అమ్మ సాసర్లోకి టీ వంపుకుంది గాని తాగలేదు.

“ఆ తల్లిని గట్ల రాక్షసి లెక్క సూపిచ్చిండ్రేందే?” అన్నది. మా ఇద్దరి వైపూ చూడకుండా మళ్లీ అడిగింది. “నేను గూడ గట్లనే ఉంటినా?”

ఆమె హాల్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎందుకు కూర్చుందో నాకు అప్పుడు అర్థమైంది. నా కళ్ల ముందు తల వంచుకుని ‘ఇప్పుడైతె పంప’ అన్న అమ్మే మెదిలింది. అక్క టీ గ్లాసు కింద పెట్టింది.

“బాయి మన అరుగు మీదికి తనంతట తానే వచ్చిందనుకుంటున్నవా?” అని అడిగింది. అడిగింది అమ్మను కాదు, నన్ను.

అవుననే నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. వాడంతా అలాగే అనుకుంది. నా బడిలో పిల్లలకు బాయి గురించి ఎన్నిసార్లు చెప్పానో, అన్నిసార్లూ అలాగే చెప్పాను.

“అమ్మ పోయి పిలిచింది,” అన్నది అక్క.

బాయికి పంపనని చెప్పిన మరుసటి రోజు పొద్దున అమ్మా అక్కా గంపలో బీడీలు పెట్టుకుని కార్ఖానాకు పోయి ఇచ్చేశారట. తిరిగొచ్చేటప్పుడు అమ్మ ఇంటిదారి పట్టకుండా తెలుగు బడి వైపు మళ్లిందట. గేటు దగ్గర నిలబడి బాయిని బయటికి పిలిపించి, పిల్లను పంపలేను, మీరే రాండి అని అడిగిందట. అరుగు మీద చాప పరిచి పెట్టిందీ అమ్మేనట.

అమ్మ సాసరు ఎత్తి చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది.

“పిలిస్తె ఆమె వచ్చింది. రాకపోతె నేనేం జేసేదాన్ని?” అన్నది. ఆ తర్వాత ఆమె ముఖం తేటపడింది. సినిమాలో పాటలు బాగున్నాయని, పంతులు చొక్కా మీద ఇస్త్రీ ఒక్కసారన్నా చెదరలేదేమిటని మొదలుపెట్టి, ఇంటిదాకా ఆటోలో మాట్లాడుతూనే ఉంది.

ఆటో మా వాడ గుండానే పోయింది. తెలుగు బడి మూతపడి ఎన్నో ఏళ్లయింది. పిల్లలు మరాఠీ బళ్లకూ ఇంగ్లిష్ బళ్లకూ మళ్లాక తరగతులు ఒక్కొక్కటే ఎత్తేశారు, ఇప్పుడు ఆ గదుల్లో తువ్వాళ్ల బేళ్లు పేర్చి ఉన్నాయి. అనసూయ బాయి రిటైరయ్యాక తమ్ముడి దగ్గరికి సిరిసిల్ల వెళ్లి అక్కడే కన్నుమూసింది. రాజవ్వ లేదు, బాపు లేడు. ఆ అరుగును రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. బీడీలు చేసే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు గాని, ఎవరి గుమ్మంలో వాళ్లు ఫోను గోడకానించి సీరియల్ చూసుకుంటూ చుట్టుకుంటున్నారు. మా అబ్బాయి ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, చదవలేడు.

దిగేటప్పుడు, గేటు దగ్గర అసలు ఏయే మాటలతో అడిగావని అమ్మను అడిగాను. జ్ఞాపకం లేదన్నది. అక్కను అడిగాను. ఆ మాటలు తాను ఊహించినవేనట, అక్క గేటు దాకా పోలేదట. నెత్తిన ఖాళీ గంపతో తోటిపిల్లలకు కనబడటం ఇష్టంలేక రోడ్డు అవతలే నిలబడిపోయిందట. అమ్మ మాట్లాడుతూ ఉండటమూ, బాయి తల ఊపుతూ ఉండటమూ మాత్రం చూసిందట.