బొట్టు పెట్టి పిలిచిన హాకీ

కాటన్‌పేటలో ఊదుబత్తీల కొట్టు నడిపే వెంకటగిరియప్పకు దేవుడు రెండు వరాలిచ్చాడు. ఒకటి మీసం, రెండోది పిలుపు.

ముందు మీసం సంగతి. అది ముక్కు కింద మొదలవుతుందని అందరికీ తెలుసు, ఎక్కడ ముగుస్తుందో మాత్రం ఇద్దరు ఒకేలా చెప్పరు. ఒకసారి మెట్రో ఎక్కితే తలుపులు మూసుకునే వేళకు మీసం కొస ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయిందనీ, సెక్యూరిటీవాళ్ళు దానికి వేరే టికెట్ అడిగారనీ ఆయనే చెబుతాడు. ఆయన చెప్పేవాటిలో సగం నమ్మవచ్చు. అది ఏ సగమో ఆయన భార్య అక్కయమ్మకు కూడా తెలియదు.

ఇక పిలుపు. ఆ పేటలో తెలుగువాళ్ళ ఇంట పెళ్ళయినా, బారసాలయినా, జనం ఇంటిల్లిపాదీ కదిలి రావాలంటే ఆ దంపతులే వెళ్ళి పిలవాలి. కుంకుమ భరిణెతో అక్కయమ్మ ముందు, అక్షింతల పళ్ళెంతో ఆయన వెనక. వాళ్ళు పిలిచిన పెళ్ళికి కుర్చీలు చాలక పక్క మండపం నుంచి తెచ్చుకోవలసి వచ్చేదట. ఒకసారి కుర్చీలతోపాటు పక్క మండపం పెళ్ళికొడుకు కూడా వచ్చి కూర్చున్నాడట. ఇదీ ఆయన నోటి నుంచి వచ్చిందే.

కానీ ఇప్పుడందరూ ఫోన్లో కార్డు పంపి చేతులు దులుపుకుంటున్నారు. భరిణె అలమర ఎక్కింది. మీసానికి ఉన్న పని చాలక వెంకటగిరియప్ప దాన్ని పొద్దుటా సాయంత్రం దువ్వుతున్నాడు.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం దేవరాజ్ సెలూన్‌లో కూర్చుని మీసానికి నూనె పట్టించుకుంటుంటే, పక్క కుర్చీలో ముఖం నిండా నురుగుతో ఒక యువకుడు ఫోన్లో ఎవరినో బతిమాలుతున్నాడు. పేరు అభిజిత్. హైదరాబాద్ నుంచి వచ్చాడు. గండభేరుండ హాకీ క్లబ్ మ్యాచ్‌లకు జనాన్ని రప్పించి, వచ్చినవాళ్ళను సంతోషపెట్టి పంపడం అతని ఉద్యోగం.

ఫోన్ పెట్టేసి నిట్టూర్చాడు. "లేజర్ లైట్స్ పెట్టాం అంకుల్. డీజే పెట్టాం. యాప్ చేశాం. ఎంట్రీ ఫ్రీ అన్నాం. అయినా లాస్ట్ మ్యాచ్‌కి నలభై మంది! వాళ్ళలో కూడా సగం మంది వాన పడుతోందని లోపలికి వచ్చారు."

"ఏదో రెండు తలల పక్షి ఎగురుతుంటాదంట గదా?" అన్నాడు దేవరాజ్, కత్తి నూరుతూ.

"మా మాస్కాట్, క్లబ్ పక్షి వేషం. లోపల ఇద్దరు ఉంటారన్నా. ఒకడు గోల్ వైపు లాగాడు, ఇంకొకడు క్యాంటీన్ వైపు. మధ్యలో చిరిగింది."

వెంకటగిరియప్ప మీసం అద్దంలో ఒక్కసారి కదిలింది. "జనాన్ని ఎవరు పిలిచినారప్పా?"

"ఇన్‌స్టాలో పెట్టాం అంకుల్."

"ఇన్‌స్టాలో పెట్టినావు, సరే. బొట్టు పెట్టినావా?"

అభిజిత్ నుదురు తడుముకుంటే చేతికి నురుగు అంటింది.

"ఫ్రీ అంటే ఎవురొస్తారప్పా? సుమ్నే, ఊరికే రమ్మంటే వచ్చేదానికి జనమేమన్నా వీధిలో ఉండారా? గడప తొక్కి, బొట్టు పెట్టి, 'మీరు రాకుంటే మాకు జరగదు' అనాల. మేం పిలిస్తే నీ గ్యాలరీలో ఒక్క కుర్చీ మిగలదు."

దేవరాజ్ పకపకా నవ్వాడు. "వెంకటగిరన్నా, అది పెళ్ళి గాదు. హాకీ. ఊటకని, తిండికని వస్తారు, సగంలో లేచి పోతారు."

"పోరు!"

"పోతే?"

"కడపటి ఈల ఊదే టయానికి గ్యాలరీలో ఒక్క కుర్చీ ఖాళీగా ఉంటే, ఈ మీసం నీ కత్తికి!"

ఆ మీసం లేకుండా ఆయన్ను కాటన్‌పేటలో ఎవరూ చూడలేదు. పెళ్ళిచూపుల్లో అక్కయమ్మ చూసిందీ మీసంతోనే. అసలు ముందు మీసాన్ని చూసి, మనిషిని తర్వాత చూశానని ఆమె ఇప్పటికీ అంటుంది.

మర్నాడే భరిణె అలమర దిగింది. పసుపు అంచు కార్డులు అచ్చయ్యాయి: 'మా పదకొండుగురు చిరంజీవులు హాకీ ఆడ నిశ్చయించినందున, తమరు సకుటుంబ సపరివారంగా విచ్చేసి, గోలు సుముహూర్తాన అక్షింతలు వేసి ఆశీర్వదించ ప్రార్థన.' దంపతులు కాటన్‌పేట ముగించి బళేపేట చుట్టబెట్టారు. అత్తిబెలెలో ఉన్న వియ్యపు బంధువులను కూడా వదల్లేదు, అక్కణ్ణుంచి బస్సు మాట్లాడారు. ఒక ఇంట్లో ముసలావిడ బొట్టు పెట్టించుకుని, "పిల్ల ఎవరి బిడ్డమ్మా?" అని అడిగింది. "అందరూ మగపిల్లోళ్ళే పెద్దమ్మా" అంది అక్కయమ్మ. "పదకొండు మందా? ఆ తల్లి ఎట్ల సాకిందో" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. తప్పకుండా వస్తానంది.

మ్యాచ్ రోజు మైదానం గేటుకు అరటి పిలకలు కట్టారు. బళేపేట నాదస్వరం వాళ్ళు డీజేను పక్కకు జరిపారు. పన్నీరు చల్లి, గుప్పిట్లో అక్షింతలు పెడుతుంటే జనం పట్టుచీరలతో, మల్లెపూలతో, అత్తరు వాసనతో దిగారు. ఆటకు ముందు నీలం రంగు టర్ఫ్ మీద నీళ్ళు చిమ్ముతుంటే, "చూడండప్పా, కల్లాపి ఎంత బాగా చల్తా ఉండారో" అని ఆడవాళ్ళు మెచ్చుకున్నారు. బయటి ఊరి నుంచి వచ్చింది గనుక అవతలి టీమే మగపెళ్ళివారని తేలిపోయింది. వాళ్ళకు లోటు జరిగితే పేటకే తలవంపు. బస్సు దిగగానే పానకం ఇచ్చారు.

గ్యాలరీ నిండింది. అభిజిత్ మొదటి వరుసలో ఒక కుర్చీకి ఎర్ర గుడ్డ కప్పి, వెంకటగిరియప్ప పేరు అతికించాడు. "కూర్చోండి అంకుల్."

"పిలిచినోడు కూర్చుంటే వచ్చినోళ్ళని చూసేదెవరప్పా?" అని ఆయన మెట్లెక్కాడు. ఒకరికి మంచినీళ్ళు, ఇంకొకరికి విసనకర్ర, అందరికీ ఆట వివరం. అంపైరు అంటే పురోహితుడు, ఆయన ఈల వేస్తే తిరుగు లేదు. ఆకుపచ్చ కార్డు అంటే చిన్న అలక, పసుపు కార్డు అంటే పెద్ద అలక. ఎర్ర కార్డు అంటే పెళ్ళి నుంచి లేచిపోవడమే. జనం ఇట్టే పట్టేశారు. బంతి కాలికి తగిలితే ముసలమ్మలు కూడా, "కాలు! కాలు! పురోహితుడికి కండ్లు లేవా?" అని లేచి అరవసాగారు. గ్యాలరీ అంచున కూర్చున్న దేవరాజ్ ఒడిలో తోలు సంచీ పట్టుకుని, ఆట మానేసి కుర్చీలు చూస్తున్నాడు.

సగం ఆట ముగిసింది. గోలు లేదు. విరామంలో పులిహోర, నేతి ఒబ్బట్టు వడ్డించారు. మగపెళ్ళివారికి అక్కయమ్మ దగ్గరుండి కొసరి కొసరి పెట్టింది. వద్దన్న గోల్‌కీపరు ప్యాడ్ల మీద ఇంకో రెండు పెట్టి వచ్చింది. అక్కడితో ఆగినా బాగుండేది. భోజనమయ్యాక అలవాటు కొద్దీ గేటు దగ్గర నిలబడి తాంబూలం సంచులు పంచడం మొదలుపెట్టింది.

తాంబూలం చేతికొచ్చిందంటే ఇక ఇంటికి బయల్దేరమనే. గ్యాలరీ లేచింది. చెప్పులు వెతుక్కుంటూ, "వస్తాం మామా, శానా బాగా జరిగింది" అని చెబుతూ కదిలింది. అటు దేవరాజ్ సంచీలోంచి కత్తి తీసి అరచేతి మీద మెల్లగా రాసుకుంటున్నాడు. వెంకటగిరియప్ప మీసం కొసలు రెండూ మొదటిసారిగా కిందికి వాలాయి.

"ఏయ్! ఏందే నువ్వు చేసిన పని?" అని ఆయన గేటు దగ్గరికి పరిగెత్తాడు.

"తిన్నోళ్ళని ఉత్తచేతుల్తో పంపమంటావా ఏందయ్యా?" అంది అక్కయమ్మ. ఆమె చెయ్యి ఆగలేదు.

ఇచ్చిన తాంబూలం వెనక్కి తీసుకోకూడదు. వెళ్ళే మనిషి చెయ్యి పట్టి లాగకూడదు. వెంకటగిరియప్ప అభిజిత్ చేతిలోని మైకు లాక్కుని, మైదానమంతా మోగేలా అరిచాడు: "ముహూర్తం ఇంకా గాలేదప్పోయ్! గోలు పడకనే ఎట్ల పోతారప్పా? వెయ్యాల్సిన అక్షింతలు మీ చేతిలోనే ఉండాయి గదా!"

అందరూ తమ చేతుల వైపు చూసుకున్నారు. నిజమే, ప్రతి గుప్పిట్లోనూ అక్షింతలు అలాగే ఉన్నాయి. ముహూర్తం కాకముందే పెళ్ళి నుంచి లేచి వెళ్ళిన వంశమనే మాట ఎవరికి కావాలి? బస్సెక్కిన అత్తిబెలె వాళ్ళు కూడా దిగి వచ్చి కూర్చున్నారు.

ఇక ముహూర్తం కోసం ఎదురుచూపు. ఒబ్బట్లు తిన్న మగపెళ్ళివారు పరిగెత్తడం మాని నడుస్తున్నారు. ఒకడైతే కర్రకు ఆనుకుని ఆవలించాడు. చివరి నిమిషంలో గండభేరుండ టీముకు పెనాల్టీ కార్నర్ దొరికింది. అవతలివాళ్ళు ముఖాలకు ముసుగులు తగిలించుకుని గోల్‌లో నిలబడ్డారు.

"మొగాలకు అదేమప్పా?" అంది ముసలావిడ.

"అడ్డుతెర పెద్దమ్మా. అది తీసినారంటే ముహూర్తమే" అన్నాడు వెంకటగిరియప్ప, మీసం రెండు చేతులా పట్టుకుని.

బంతి లోపలికి వచ్చింది. కర్ర లేచింది. గోలు! గట్టిమేళం! గ్యాలరీ అంతా ఒక్క గుప్పిటై అక్షింతలు విసిరింది. నీలం టర్ఫ్ పసుపు పచ్చగా మారింది. ఆ వెంటనే నగరంలోని పావురాలన్నీ దిగాయి. వెంకటగిరియప్ప లెక్కలో అయితే మైసూరు పావురాలు కూడా వచ్చాయి. ఆటగాళ్ళు కనబడడం లేదు, రెక్కలే కనబడుతున్నాయి. ఒక పావురం అంపైరు నెత్తి మీద వాలి మిగతా వాటిని పర్యవేక్షించింది.

అంపైరు మైకు అడిగి తీసుకున్నాడు. "అందరూ చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంటేనే ఆట. లేకుంటే రద్దు!"

పురోహితుడి మాటకు ఎదురుందా? అందరూ బుద్ధిగా కూర్చున్నారు. పావురాలు తిన్నంత తిని లేచిపోయాయి. మిగిలిన నాలుగు క్షణాలూ ఆడి, కడపటి ఈల ఊదారు. గండభేరుండ గెలిచింది!

వెంకటగిరియప్ప మెట్టు మీద నిలబడి, మీసం మెలేసి, "దేవరాజూ! చూసుకోప్పా, ఏడన్నా ఉండాదా ఖాళీ కుర్చీ?" అని గర్జించాడు.

దేవరాజ్ మెల్లగా లేచి, కత్తితో మొదటి వరుస వైపు చూపించాడు. అక్కడ ఎర్ర గుడ్డ కప్పిన కుర్చీ ఒకటి, దాని మీద పెద్ద అక్షరాలతో ఒక పేరు.

"అది నాది గదప్పా!"

"నీదే అన్నా. ఖాళీనా కాదా?"

అభిజిత్ అడ్డం పడ్డాడు. "అది కౌంట్ చెయ్యకూడదన్నా, నేనే కదా వేసింది!" జనం రెండు పక్షాలై వాదించుకున్నారు. ముసలావిడ అయితే ఆ కుర్చీలో ఇప్పటిదాకా తన చేతిసంచీ ఉందని అబద్ధం చెప్పడానికి కూడా సిద్ధపడింది. వెంకటగిరియప్ప చెయ్యెత్తి అందరినీ ఆపాడు. బడాయిలు ఎన్ని పలికినా ఆయన పందెం మాట తప్పిన మనిషి కాడు. వెళ్ళి ఆ కుర్చీలో, ఆ రోజుకు మొట్టమొదటిసారిగా, కూర్చున్నాడు.

"కానీయప్పా. ఐతే సన్నాయి ఉండాల."

సన్నాయి మోగింది. నురుగు పట్టింది. ఎడమ వైపు తెగినప్పుడు గ్యాలరీ 'అయ్యో' అంది, కుడి వైపు తెగినప్పుడు మిగిలిన అక్షింతలన్నీ ఆయన నెత్తి మీద పడ్డాయి. ఆటకంటే దీనికే ఎక్కువ చప్పట్లు వచ్చాయి. అభిజిత్ అంతా ఫోన్లో తీసుకుని, ఆయన చెవి దగ్గరికి వంగి, "అంకుల్, వచ్చే నెల ఇంకో మ్యాచ్ ఉంది. అప్పటికి మళ్ళీ పెరుగుతుందా?" అన్నాడు.

"అంత బేగ పెరిగేదానికి అదేమన్నా కొత్తిమీరా?" అన్నాడు వెంకటగిరియప్ప. మూతి చల్లగా, వింతగా ఉంది. మెలేయబోయిన చెయ్యి గాలిలోనే తిరిగింది.

జనంతోపాటు వరుసలో నడిచి గేటు దగ్గరికి వచ్చాడు. అక్కయమ్మ తలెత్తకుండా, ఇందాక అందనివాళ్ళకు ఒక్కొక్కరికీ తాంబూలం ఇస్తోంది. ఆయన చేతిలోనూ ఒక సంచీ పెట్టి, తలెత్తి, ఆ నున్నటి ముఖాన్ని మర్యాదగా చూసి చిరునవ్వు నవ్వింది.

"మిమ్మల్ని పోల్చలేకపోయినానప్పా, ఏమీ అనుకోవద్దు. మగపెళ్ళివారి తరపా? ఒబ్బట్టు తిన్నారు గదా?"